షుగరెంత?

మా నాయనతో నేను పదేళ్ళపాటు ప్రతి ఆదివారం ఫోనులో మాట్లాడాను. ఆ మాటలన్నీ ఒకచోట రాసిపెడితే అరఠావు కాగితం నిండదు.

"షుగరెంత నాయనా?"

"నూట ముప్పై ఎనిమిది."

"తిన్నాకనా, తినకముందా?"

"తినకముందు."

"మాత్రలు వేసుకొంటాండావా?"

"ఆఁ."

"సరే, అమ్మకియ్యి."

ఇంతే. బెంగుళూరులో కూర్చొని, మూడు నిమిషాల్లో కొడుకు బాధ్యత తీర్చుకొన్నానన్న తృప్తితో నేను ఫోను పెట్టేసేవాణ్ణి. మనలో చాలామందిమి ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళమే కనుక, ఈ సంభాషణ మీకూ కొత్తది కాదనుకొంటాను.

మా నాయన ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగట్లో ముప్పైయేళ్ళు గుమాస్తాగా పనిచేశాడు. బంగారు వ్యాపారం వల్ల మా ఊరిని రెండో బొంబాయి అంటారని మీరు వినే ఉంటారు. ఆ వ్యాపారంలో తూకానికెంత విలువో లెక్కకూ అంతే విలువ. తరుగెంత, మజూరీ ఎంత, ఎవరికి ఎన్ని గ్రాములు బాకీ అన్నది పుస్తకంలో నిలవాలి. నాయన చేతిరాత ముత్యాల్లా ఉండేది. పొరపాటు పడితే తుడిపేవాడు కాడు. ఎర్రసిరాతో అడ్డంగా ఒక గీత గీసి, పైన సరైన అంకె వేసి, పక్కన పొడి సంతకం చేసేవాడు. "తుడిపినోని లెక్క ఎవరు నమ్ముతార్రా" అనేవాడు. 2003లో షుగరు బయటపడింది. 2011లో నేను గ్లూకోమీటరు కొనిచ్చాను. దానికోసం ఒక పొడుగాటి నోటుపుస్తకం పెట్టి తేదీ, వేళ, అంకె అని మూడు గడులు గీసుకొన్నాడు. వ్యాధిని కూడా చిట్టాకెక్కించినవాడు మా నాయన.

2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చింది. అంగడి లెక్కలు కంప్యూటరుకెక్కాయి. అప్పటికే కళ్ళకు లేజరు వైద్యం జరిగి ఉండడంతో, చిన్న అక్షరాలు చూడాలంటే ఇబ్బందిగా ఉండేది. యజమాని మర్యాదగానే పంపించాడు. శాలువా కప్పాడు కూడా. ఇంటికి వచ్చి శాలువా మడిచి బీరువాలో పెట్టి, "ఇంగ నిమ్మళంగా ఉండొచ్చు" అన్నాడు. మేమూ నిజమేననుకొన్నాం.

2018 దసరాకు ఊరికి పోయాను. ప్రొద్దుటూరు దసరా చూడనివారికి దాని సంగతి చెప్పడం కష్టం. అమ్మవారిశాలలో కన్యకాపరమేశ్వరికి రోజుకొక అలంకారం, వీధుల నిండా దీపాలు, జనం. చిన్నప్పుడు నన్ను భుజాలమీద ఎక్కించుకొని ఆ వీధుల్లో అర్ధరాత్రిదాకా తిప్పింది ఈయనే. ఆ ఏడు పండుగ పది రోజులూ ఇల్లు కదల్లేదు. పిలిస్తే, "ఏముండాదిలే అబ్బీ, ఏటేటా చూసేదే గదా" అన్నాడు. అలసట అనుకొన్నాను. నడవాలని, నడిస్తే షుగరు తగ్గుతుందని ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను.

నోటుపుస్తకం చూసింది అప్పుడే. అంకెలన్నీ చక్కగా ఉన్నాయి. 138, 142, 135, 140. మరీ చక్కగా ఉన్నాయి. మీటరు తీసి పాత కొలతలు తిరగేస్తే, చివరి కొలత ఆ ఏడు మార్చిలోది. ఏడు నెలలుగా పుస్తకంలో ఉన్నవి కొలవని అంకెలు. మరునాడు మూడు నెలల షుగరు పరీక్ష చేయించాను. 10.9 వచ్చింది. అంటే సగటున రక్తంలో చక్కెర 260 పైనే ఉన్నట్టు లెక్క.

నేను అరిచాను. ఏమేమి అన్నానో ఇక్కడ రాయను. ఆయన గోడవైపు చూస్తూ అంతా విని, చివరికి ఒక మాట చెప్పాడు. "తక్కువ చెప్తే నువ్వు అమ్మతో మాట్లాడుకొని పెట్టేస్తావు. ఎక్కువ చెప్తే అరగంట తిడతావు. వినేదానికి నాకు ఓపిక ల్యా అబ్బీ."

జీవితంలో ఒక్క దొంగలెక్క రాయని మనిషి చేత ఏడు నెలలు దొంగలెక్కలు రాయించినది ఏమిటన్న ప్రశ్న నాకు ఆ రాత్రి తట్టలేదు. మొండితనం అనుకొన్నాను. మా వంశంలో ఆ మాటకు ఒక చరిత్ర ఉంది.

మా మేనత్తను జమ్మలమడుగులో ఇచ్చారు. మోరగుడిలో వాళ్ళవి నాలుగు మగ్గాలు. ఆమెకూ షుగరే. కాలి వేలికి పుండు పడింది, మానలేదు, 2013లో పాదం తీసేశారు. ఆ తరువాత ఆమె మాట్లాడడం తగ్గించింది. తినమంటే తినేది కాదు, ఇన్సులిను వేస్తామంటే చేయి ఇచ్చేది కాదు. ఇంట్లోవాళ్ళు తిక్క అన్నారు. గాలి సోకిందని కొందరన్నారు. కడప పెద్దదర్గాకు తీసుకుపోయారు. మా ప్రాంతంలో దర్గాకు పోవడానికి మతంతో పని లేదు, అందరూ పోతారు. అక్కడినుంచి వచ్చాక ఒక వారం లేచి కూర్చొని అన్నం తిన్నదని మా బావ చెబుతాడు. నేనది కొట్టిపారేయను. పదిమంది తన కోసం బస్సెక్కి వచ్చారన్న సంగతి ఆమెకు తెలిసింది గదా. వారం తరువాత మళ్ళీ గోడవైపు తిరిగింది. 2014లో పోయింది. మరణకారణం కాగితంమీద మూత్రపిండాలు. ఆమె దిగులుకు ఆ కాగితంలో గడి లేదు.

జమ్మలమడుగు వైద్యానికి పాతపేరున్న ఊరు. లండన్ మిషనరీ సొసైటీ వారి డాక్టర్ క్యాంప్‌బెల్ పేరుమీద వెలసిన ఆసుపత్రి మా తాతల కాలంనుంచీ రాయలసీమ పల్లెలకు దిక్కు. వై.యస్. రాజశేఖరరెడ్డి వైద్యం చదివి వచ్చాక కొంతకాలం పనిచేసింది అక్కడే. తరువాత 1973లో పులివెందులలో తండ్రి పేరున ఆసుపత్రి పెట్టాడు. కాన్పులు, కలరాలు, తేలుకాట్లు - వచ్చిన రోగం నయమై పోవడమో, మనిషి పోవడమో జరిగే కాలానికి తయారైన వైద్యం మనది. ఆయనే ముఖ్యమంత్రిగా 2007లో తెచ్చిన ఆరోగ్యశ్రీ కూడా మొదట ఉద్దేశించినది ఆపరేషన్ల వంటి పెద్ద ఖర్చులకే. తరువాత 104 బండ్లు పల్లెల్లోకి వచ్చి బీపీ, షుగరు మాత్రలు ఇచ్చాయి. అది గొప్ప మేలు. కానీ నయమవని రోగంతో ముప్పైయేళ్ళు కాపురం చేసే మనిషిని, "ఎట్లుండావు?" అని అడిగే పని ఏ బండికీ అప్పగించలేదు.

నాయన విషయంలో ఆ ప్రశ్న అడిగినది కడపలో ఒక మానసిక వైద్యుడు. అక్కడిదాకా పోవడానికి దసరా తరువాత ఇంకో రెండు నెలలు పట్టింది. షుగరు చూసే డాక్టరు ప్రతిసారీ మాత్ర పెంచుతూ పోయాడు. ఆయన ముందు ఉన్నది అంకె ఒక్కటే, అంకెను బట్టి ఆయన చేసింది తప్పని అనలేను. చివరికి మా అమ్మే అన్నది, "ఆయప్ప మాత్రలు వేసుకోవడం ల్యా. వేసుకో అంటే ఎందుకే అంటాడు. ఎందుకే అనేటోనికి షుగరు డాక్టరు ఏం చేస్తాడు?" ఏ పుస్తకమూ చదవని మా అమ్మ చేసిన రోగనిర్ణయమది. ఊళ్ళో మాత్రం నరాల డాక్టరు దగ్గరికి పోతున్నామని చెప్పాం. మా వైపు మానసిక వైద్యులందరూ నరాల డాక్టర్లే. వేరే పేరు చెబితే ఎర్రగడ్డ అంటారు. పెళ్ళి కావలసిన పిల్లలున్న ఇంట్లో ఆ మాట వినబడకూడదు.

ఆ డాక్టరు తొమ్మిది ప్రశ్నలు అడిగాడు. ప్రపంచమంతటా వాడే ప్రశ్నలే అవి: గడచిన రెండు వారాల్లో పనులమీద ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర, అలసట, ఆకలి, తనమీద తనకే చులకన, మనసు నిలవకపోవడం, ఇట్లా. ఒక్కొక్కదానికి సున్నానుంచి మూడుదాకా మార్కులు. మొత్తం 27కు పది గానీ అంతకుమించి గానీ వస్తే శ్రద్ధగా చూడాలి. ఇందులో తిరకాసు ఏమిటంటే, నిద్ర పట్టకపోవడం, అలసట, బరువు తగ్గడం అదుపు తప్పిన షుగరులోనూ ఉంటాయి. అందుకే ఒకటి రెండోదాని చాటున దాక్కొంటుంది. దసరాకు పోబుద్ధి కాకపోవడం మాత్రం షుగరు వల్ల రాదు.

తొమ్మిదో ప్రశ్న చావు గురించి. ఆ డాక్టరు గొంతు తగ్గించకుండా, తలనొప్పి ఉందా అన్నట్టే అడిగాడు. నాయన కాసేపు ఊరుకొని, "చేసుకోవాలని ల్యా. పోతే బాగుండునని మాత్రం ఉండాది" అన్నాడు. పక్క కుర్చీలో నేనున్నాను. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్ళు భయపడతారు. అట్లా జరగదని వైద్యులు ఏనాడో తేల్చారు. అడిగినవాడికే ఆ జవాబు దొరుకుతుంది. (ఇప్పుడైతే 2022 అక్టోబరునుంచి టెలిమానస్ ఉంది. 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆనాడు లేదు.)

మొదట రక్తపరీక్షలు రాశాడు. థైరాయిడు చూడమన్నాడు. మెట్‌ఫార్మిను ఏళ్ళతరబడి వాడేవారిలో విటమిన్ బి12 తగ్గుతుందని, దానివల్ల కూడా నీరసం, తిమ్మిరి, దిగులు రావచ్చని చెప్పాడు. నాయనకు అదీ తక్కువే ఉంది. సూదులు వేయించాం. దానితోపాటు సెర్ట్రాలిన్ చిన్న మోతాదులో మొదలుపెట్టాడు. వారంలో గుణం కనిపించదు, నాలుగైదు వారాలు ఆగాలి, మధ్యలో మానకూడదు అని మూడుసార్లు చెప్పాడు. ఒక మాట మాత్రం గట్టిగా హెచ్చరించాడు. షుగరు మాత్రల మోతాదు పెంచుతూ వచ్చినది మనిషి వాటిని వేసుకోని రోజుల్లో. ఇప్పుడు మనసు కుదుటపడి అన్నీ వేళకు వేసుకోవడం మొదలుపెడితే షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు. పైగా ఈ దిగులు మందుల్లో కొన్నింటికి షుగరును కొద్దిగా దించే గుణం ఉంది. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకోవాలి.

ఆ ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆరో వారం ఒక తెల్లవారుజామున నాయనకు ఒళ్ళంతా చెమటలు పట్టి, మాట తడబడింది. మీటరు 58 చూపించింది. అమ్మ చక్కెరనీళ్ళు తాపింది. తరువాత గ్లిమెపిరైడ్ సగానికి తగ్గించారు. దిగులు తగ్గిన సంగతి మా ఇంట్లో మొదట అట్లా తెలిసింది.

ఇంకో సంగతి. మందులతోపాటు ఆ డాక్టరు రోజుకొక చిన్నపని పెట్టాడు. బుద్ధి పుట్టాక చేయడం కాదు, చేస్తే బుద్ధి పుడుతుందని ఆయన పద్ధతి. శివాలయం దాకా నడిచిపోయి టీ తాగి రావాలి, చక్కెర లేకుండా. వచ్చి ఎవరు కనబడ్డారో అమ్మకు చెప్పాలి. షుగరు కోసం నడవమని నేను పదేళ్ళు పోరినా నడవని మనిషి, అమ్మకు చెప్పవలసిన కబురు కోసం నడిచాడు.

ఇవన్నీ ఒక కుటుంబానికి తటస్థించిన సంగతులు అనుకొనేవాణ్ణి. తరువాత చదివితే తెలిసింది, దిగులుకూ మధుమేహానికీ ఉన్న చుట్టరికం పాతదని. పదిహేడో శతాబ్దంలోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీర్ఘకాలపు దుఃఖంవల్ల మధుమేహం వస్తుందని రాశాడు. ఇప్పటి శాస్త్రం అంత సూటిగా అనదు గానీ, షుగరున్నవారిలో డిప్రెషన్ లేనివారికంటే సుమారు రెండింతలు కనిపిస్తుందని 2001లోనే పరిశోధనలను కలిపి చూసినవారు తేల్చారు. దారి రెండువైపులా ఉంది. దిగులున్న మనిషి మందు, తిండి, నడక మూడూ వదులుతాడు. ఒత్తిడిలో పుట్టే హార్మోన్లు చక్కెరను పెంచుతాయి. కాళ్ళ మంటలు, చూపు తగ్గడం, ఉద్యోగం పోవడం దిగులును పెంచుతాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మన దేశంలోనే జరిగిన ఒక పరిశోధన. చెన్నై, బెంగుళూరు, ఢిల్లీ, విశాఖపట్నాలలోని నాలుగు మధుమేహ చికిత్సాలయాల్లో 404 మంది రోగులతో చేశారు. 2020లో జామా పత్రికలో వచ్చింది. విశాఖలో అది జరిగింది ఎండోక్రైన్ అండ్ డయాబిటిస్ సెంటరులో, అంటే తెలుగు రోగుల మధ్య. వీళ్ళు కొత్త మందేమీ కనిపెట్టలేదు. సగంమంది రోగులకు డాక్టరు కాని ఒక మనిషిని తోడిచ్చారు. ఆ మనిషి రోగిని పలకరించి, దిగులెట్లా ఉంది, మందులెట్లా సాగుతున్నాయి అని కనుక్కొంటూ ఉండాలి. షుగరు వైద్యుడూ మానసిక వైద్యుడూ ఆ వివరాలు కలిసి చూసి మార్పులు చెప్పాలి. పన్నెండు నెలలు ఇట్లా నడిపి, మొత్తం ఇరవైనాలుగు నెలల తరువాత లెక్క చూశారు. దిగులు సగానికి సగం తగ్గి, దానితోపాటు షుగరో, రక్తపోటో, కొలెస్ట్రాలో కూడా చెప్పుకోదగినంత మెరుగైనవారు తోడున్న గుంపులో నూటికి 71.6, మామూలు వైద్యం పొందిన గుంపులో 57.4. రెండో అంకె కూడా చిన్నది కాదన్నది నిజమే. కానీ ఆ తేడాలో మా అత్తలాంటివాళ్ళు ఉన్నారు.

దీని మూలం అమెరికాలో సియాటిల్‌లో పుట్టిన పద్ధతి. అట్లాంటిదే లాస్ ఏంజెలెస్‌లో బీదల ప్రభుత్వ చికిత్సాలయాల్లో, ఎక్కువగా స్పానిష్ మాట్లాడే వలసజనం మధ్య 387 మందితో చేసి 2010లో ప్రచురించారు. మాత్రతో మొదలుపెట్టాలా, మాటలతో మొదలుపెట్టాలా అన్న ఎంపిక అక్కడ రోగికే వదిలారు. భాష వేరు, తిండి వేరు, దేవుడు వేరు అయినవాళ్ళకు ఒకే వైద్యం ఎట్లా అందించాలన్న ప్రశ్న అమెరికావాళ్ళదే అనుకొంటాం. మా మూడు ఊళ్ళ మధ్యనే ఆ ప్రశ్న ఉంది.

మా మామ సంగతి చెబితే ఇది తెలుస్తుంది. పులివెందులలో ఉంటాడు. నాయన బడి స్నేహితుడు, ముసల్మాను. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మామే. చీనీతోటలు గుత్తకు పట్టి కాయలు లారీలకెత్తేవాడు. పదిహేనేళ్ళుగా షుగరు. తోటనిండా చీనీకాయలు పెట్టుకొని ఒక్కటి ఒలుచుకోలేకపోవడం మీద తనే ఎన్నో జోకులు వేసేవాడు. రెండేళ్ళుగా ఆ జోకులు లేవు. కొడుకులు వ్యాపారం చూస్తున్నారు. ఈయన వరండాలో కూర్చొంటాడు. నాతో తెలుగులో మాట్లాడేటప్పుడు, "అంతా బాగే అల్లుడా" అంటాడు. ఇంట్లో అత్తతో వాళ్ళ భాషలో అన్నమాట ఒకసారి నా చెవిన పడింది: "జీ నై లగ్ రా." మనసు దేనికీ అంటుకోవడం లేదని. ఆ తొమ్మిది ప్రశ్నల్లో మొదటిదానికి ఇంతకంటే సూటి జవాబు లేదు. కానీ అది తెలుగులో అడిగితే రాదు. తెలుగులోనైనా, "నిస్పృహగా ఉంటోందా?" అని అడిగితే మా నాయనకే అర్థం కాదు. మా అత్త, "గుండెలో మంట" అనేది. ఆ మాటకు ఆమెకు గ్యాసు మాత్రలు ఇచ్చారు. నాయన, "ఓపిక ల్యా" అనేవాడు; ఆయనకు బలం మందులు రాశారు. ఏ ఇంట్లో దిగులుకు ఏ పేరుందో తెలిసిన మనిషి ఆ పలకరించే ఉద్యోగంలో ఉండాలి. ఆ మనిషికి పెద్ద చదువు అక్కరలేదు. మోరగుడిలో అయితే మగ్గాల మధ్య తిరిగినవాళ్ళు కావాలి.

ఇంకోవైపు, ప్రతి దిగులూ జబ్బు కాదు. రోజూ వేలు గుచ్చుకొని, ప్రతి పెళ్ళిలో ఓళిగలను పక్కకు నెట్టి, వచ్చినవాడల్లా చెప్పే సలహాలు విని విసుగెత్తడం వేరు. దానికి మాత్రలు పనికిరావు. ఇంట్లోవాళ్ళు నోరు కట్టుకొంటే చాలావరకు తగ్గుతుంది. షుగరు మన చేతుల్లోనే ఉందనే మాట మనం ధైర్యం కోసం అంటాం. అవతలివాడికి అది, నీ తప్పేనన్నట్టు వినిపిస్తుంది. నేను పదేళ్ళు అన్నాను కనుక నాకు తెలుసు.

నాయన ఇప్పుడు బాగానే ఉన్నాడు. మొన్నటి పరీక్షలో 7.6. సెర్ట్రాలిన్ ఏడాదిన్నర తరువాత డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించి మానేశాం. 2021లో కరోనా రెండో అల తరువాత మళ్ళీ మొదలుపెట్టవలసివచ్చింది. ఇంకా వేసుకొంటున్నాడు. వీధిలో ఇద్దరు ముగ్గురి చీటీపాటల లెక్కలు రాస్తాడు, పెద్ద అక్షరాలతో. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ ఉంది. 2018 మార్చినుంచి అక్టోబరుదాకా ఉన్న పేజీల్లో ప్రతి అంకెమీదా ఎర్రసిరా గీత ఉంది, పక్కన పొడి సంతకం ఉంది. పైన వేయడానికి సరైన అంకెలు లేవు కాబట్టి ఆ చోటు ఖాళీగా వదిలాడు. ఎప్పుడు కూర్చొని కొట్టేశాడో మాకెవరికీ చెప్పలేదు.

పోయిన వారం మామ ఫోను చేశాడు. తనంతట తాను చేయడం అరుదు. రంజాను ఎప్పుడొస్తుందో, చీనీ ధర ఎట్లా పడిపోయిందో చెప్పి, చివర్లో, "మీ నాయన వేసుకొనే ఆ మాత్ర పేరేంది అల్లుడా? మాకు తెలిసినాయనకు ఒకాయనకు కావాలంట" అన్నాడు. పేరు చెప్పలేదు. ఆదివారం వస్తున్నాను, ఆ తెలిసినాయన్ను తీసుకొని ముగ్గురం కడపకు పోదాం, నాయనా వస్తాడు అన్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు.

"చూద్దాంలే" అన్నాడు.